వెళ్ళిపోయే పిట్టలు

చలికాలం రాగానే పత్రికల్లో 'విదేశీ అతిథులు వచ్చేశాయి' అని ఫోటోలు పడతాయి. అవి తిరిగి వెళ్ళే రోజులు మాత్రం ఎవరికీ పట్టవు. హైదరాబాదులో ఆ రోజులు మార్చి నడిమి నుంచి మే దాకా సాగుతాయి. ఎండ ముదురుతూ ఉంటుంది. పిల్లల పరీక్షలు, ఆవకాయలు, పెళ్ళిళ్ళు. తలెత్తి చెట్టు చివరికి చూసే తీరిక ఎవరికుంటుంది? 2022లో నాకు ఆ తీరిక దొరికింది. రెండేళ్ళ కోవిడ్ నిర్బంధం తర్వాత ఆ వసంతమంతా పొద్దున్నే కేబీఆర్ పార్కుకు వెళ్ళేదాన్ని.

బంజారాహిల్స్‌కీ జూబ్లీహిల్స్‌కీ మధ్య, చుట్టూ కార్ల రొదలో, దాదాపు 1.4 చదరపు కిలోమీటర్ల అడవి అది. మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. లోపల నిజాం వంశీకుల చిరాన్ ప్యాలెస్ ఉంది, పెద్ద పెద్ద రాతిగుండ్లున్నాయి, నెమళ్ళయితే లెక్కే లేదు. నడకకు వచ్చేవాళ్ళు ఫోన్‌లో మాట్లాడుకుంటూ చకచకా పోతుంటారు. పిట్టల్ని చూసేవాళ్ళం మలుపుల దగ్గర ఆగిపోయి వాళ్ళ దారికి అడ్డం పడుతుంటాం.

మార్చిలో ముందుగా మమ్మల్ని ఆపేది గులాబీ గోరింకల గోల. రోజీ స్టార్లింగ్ అని పుస్తకాల్లో ఉంటుంది. ఆకు రాల్చి ఒళ్ళంతా ఎర్రటి పూలతో నిలబడ్డ బూరుగు మీద వందలాదిగా వాలి, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, తిట్టుకుంటూ తేనె తాగేవి. బైనాక్యులర్‌లో ఒకదాన్నే పట్టుకుని చూశాను. తలను కళ్ళదాకా పూవులోకి దూర్చి బయటికి తీసింది. నల్లటి నుదురంతా పుప్పొడి. ముక్కును కొమ్మకేసి అటూ ఇటూ తుడుచుకుని మళ్ళీ దూర్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది వాటి రంగు సంగతి. చలికాలమంతా మట్టి పులుముకున్నట్టు మసకగా ఉంటాయి. వసంతానికి గులాబీ రంగు తేలుతుంది. దానికోసం కొత్త ఈకలు మొలవనక్కర్లేదు. పాత ఈకల అంచుల్లోని మసక కొనలు అరిగిపోతే, కిందున్న గులాబీ బయటపడుతుంది. అంటే ఆ రంగును అవి ఇక్కడే, మన కొమ్మల మధ్య తిరిగి తిరిగి సంపాదించుకుంటాయి. ఉగాదినాటికి ఆ గుంపులో మసకబారినవి దాదాపు కనిపించలేదు. ఎండ పడినప్పుడు వీపులు మెరుస్తున్నాయి.

పార్కులో పనిచేసే ఒకాయన నా పక్కన నిలబడి చాలాసేపు వాటినే చూశాడు. పాలమూరు దిక్కు మనిషి.

"మా ఊళ్ళె జొన్న కంకి మీదుంటే గివి మబ్బు లెక్క వచ్చి వడేటియి మేడం. మంచె మీద నిలవడి ఒడిసెలతోటి కొట్టేటోళ్ళం. పొద్దు మూకేదాక లొల్లే."

"ఇప్పుడు రావా?"

"ఇప్పుడు జొన్నలేడున్నయి? అంత పత్తేనాయె."

ఆయన మాటలో కోపం లేదు. కజకిస్తాన్ మైదానాల దాకా పోయి ఇవి మిడతల్ని తిని గుడ్లు పెడతాయని, చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతల బాధ తప్పించుకోవడానికి వీటికోసం రాళ్ళ గూళ్ళు కట్టి పెడతారని చెప్పాను. "మనం కొడితిమి, వాళ్ళు ఇండ్లు కడుతున్నరా?" అని నోరు తెరిచి చూశాడు.

నేను లెక్క కట్టుకున్నాను. మే, జూన్ నెలల్లో గుడ్లూ పిల్లలూ అయిపోతాయి. జులై, ఆగస్టుల్లోనే తిరుగుముఖం పడతాయి. మళ్ళీ ఏప్రిల్ దాకా మన దేశంలోనే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడ గడిపే పిట్టను అతిథి అనడం నాకు సబబుగా తోచదు. దానికి ఇక్కడ ఉండేది విడిది కాదు, కాపురం. ఊరు దాటే ముందు ఒంట్లో కొవ్వు పట్టించుకోవడానికి ఈ బూరుగులూ మోదుగులూ మర్రిపండ్లూ కావాలి. 2016లో ఈ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టే ప్రతిపాదన వచ్చినప్పుడు జనం రోడ్డెక్కారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. నీడ పోతుందని, గాలి చెడుతుందని అప్పుడు అందరం మాట్లాడాం. ఆ చెట్లలో కాపురమున్న వాటి మాట కూడా అంతే గట్టిగా చెప్పాల్సింది.

ఏప్రిల్ నడిమికి గోరింకలు పలచబడి, ఒక పొద్దున అసలు గోలే లేకపోయింది. గుంపుగా ఉండేవి పోతే వెంటనే తెలుస్తుంది. ఒంటరి పిట్టల సంగతి వేరు.

గ్రీనిష్ వార్బ్లర్ అని ఒకటుంది. ఏడెనిమిది గ్రాముల బరువు. వీపు ఆకుపచ్చ, కంటిపైన లేతరంగు చార, రెక్క మీద సన్నటి తెల్ల గీత. ఆకుల్లో ఆకులా తిరుగుతుంది కాబట్టి కంటికి దొరకదు, 'చిస్వీ' అనే అరుపుతోనే పట్టుకోవాలి. హిమాలయాల నుంచీ, ఇంకా ఉత్తరాన సైబీరియా అడవుల నుంచీ వస్తుంది. ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రవేత్త మన తూర్పు కనుమల్లో వీటిని చలికాలమంతా గమనించి 1981లో ఒక వ్యాసం ప్రచురించారు. ఒక్కో పిట్ట తనకంటూ కొన్ని చెట్లు పెట్టుకుని, వేరే పిట్టను రానివ్వకుండా కాపలా కాస్తుంది. పార్కులో నాకు తెలిసిన పిట్ట ఒక మలుపు దగ్గరి చింతచెట్టును అలాగే ఏలుకునేది. మరొకటి వస్తే చాలు, ముక్కు టపటపలాడించి ఆవలి గుండు దాకా తరిమేది.

మార్చి నెలాఖరు నుంచి దాని గొంతు మారింది. ఒంటి అరుపు పోయి, తొందర తొందరగా ఒక పాట. ఆ పాట వినాల్సింది వేల కిలోమీటర్ల అవతల జతపిట్ట. ప్రయాణానికి ముందే, చింతచిగురు మధ్య ఇక్కడే అభ్యాసం మొదలుపెట్టింది. చింతచిగురు కోసుకోవడానికి వచ్చిన ఒకావిడ, "ఏం పిట్టమ్మా అది, అంత చిన్నదానికి అంత గొంతా?" అంది. బైనాక్యులర్ ఆమె చేతికిచ్చాను. కాసేపు వెతికి, దొరికించుకుని, "అబ్బ, కన్నుకి కాటుక కూడా ఉంది" అంది. నేను అన్నాళ్ళూ పైనున్న లేతరంగు చారనే చూస్తున్నాను. కంటి మీదుగా పోయే నల్లటి గీత మీద నా దృష్టి పడనే లేదు.

ఏప్రిల్ ఆఖరి వారంలో ఒకనాడు అది పాడింది. మర్నాడు లేదు. ఆ మర్నాడూ లేదు. వచ్చిన రోజు రాసుకోవడం తేలిక, ఎందుకంటే అరుపు వినిపించగానే తెలిసిపోతుంది. వెళ్ళిన రోజు అలా కాదు. చివరిసారి చూస్తున్నామని చూసేటప్పుడు తెలియదు. ఖాళీ చెట్టు కింద కొన్నాళ్ళు నిలబడితే గానీ ఆ తేదీ ఖాయం కాదు. 2007లో మన దేశంలో మైగ్రంట్‌వాచ్ అనే కార్యక్రమం మొదలైంది. వలస పిట్టల్ని మొదట చూసిన తేదీ, చివర చూసిన తేదీ రెండూ పంపమని మామూలు జనాన్ని అడిగారు. ఇప్పుడు మేమంతా ఆ తేదీల్ని ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తున్నాం. రుతువులు మారుతున్నాయో లేదో తేలాలంటే రెండో తేదీ కూడా అంతే అవసరం. అందుకే ఆ ఖాళీ చెట్టు దగ్గరికి మే మొదటి వారం దాకా వెళ్ళాను.

మే నెల సగం గడిచాక యూసుఫ్‌గూడ నుంచి తెలిసినావిడ ఫోన్ చేసింది. వంటింటి వెనక బాల్కనీలో, గ్యాస్ సిలిండర్ పక్కన, రంగురంగుల పిట్ట ఒకటి నక్కి కూర్చుందట. వెళ్ళి చూద్దునుగా, పొన్నంగి పిట్ట! ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం, కంటికి అడ్డంగా వెడల్పాటి నల్లపట్టీ, గంధం రంగు రొమ్ము, కిందికి వచ్చేసరికి ఎర్రటి పొట్ట, తోక ఉందా లేదా అన్నంత పొట్టి. చలికాలం దక్షిణాదినా శ్రీలంకలోనూ గడిపి, వానలకు ముందు ఉత్తరానికి పోతూ మన మీదుగా వెళుతుంది. ప్రయాణం రాత్రిపూట. ఊరి దీపాలకు దారి తప్పి, అలసి, ఇలా ఇళ్ళలో పడుతుంటుంది. రొమ్ము ఎగసిపడుతోంది గానీ రెక్కలు రెండూ సమంగానే ఉన్నాయి.

వాళ్ళబ్బాయి నీళ్ళు పట్టిస్తానన్నాడు. వద్దన్నాను. బెదిరిన పిట్ట నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పలచటి తువ్వాలు కప్పి ఎత్తి, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా ఉన్న గదిలో వదిలేశాం. టీవీ కట్టేశారు. పొద్దు వాలేసరికి లోపల గంతులేస్తున్న చప్పుడు. దగ్గర్లోని చెట్ల గుబురు దగ్గరికి తీసుకెళ్ళి మూత తెరిచాం. బయటికి గెంతి, ఎండుటాకుల్లో రెండడుగులు వేసి, ఒక ఆకును ముక్కుతో తిరగేసి, పురుగును పట్టి మింగి, పొదలోకి ఎగిరిపోయింది.

"ఆంటీ, మళ్ళీ మా ఇంటికి వస్తుందా?" అన్నాడు అబ్బాయి.

"రాకపోతేనే మంచిది నాన్నా. మీ మేడమీద రాత్రంతా ఆ పెద్ద లైటు ఎందుకు వెలుగుతుంది?"

ఎందుకో వాడికీ తెలియదు. ఆ రాత్రే వాళ్ళమ్మను వెంటబెట్టుకుని అసోసియేషన్ సెక్రటరీ తలుపు తట్టాడట. దొంగల భయమని ఆయన కొంచెం నసిగినా చివరికి ఒప్పుకున్నారు. మెట్ల దీపాలు ఉంచి, పైన ఫ్లడ్‌లైటు మాత్రం జూన్ నెలాఖరు దాకా రాత్రి పదింటికల్లా ఆర్పేయమని వాచ్‌మన్‌కి చెప్పారు.