రిపోర్టు నార్మలే, మరి నొప్పో?

మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? రెండేళ్ళుగా నాకు కుడి మోకాలు నొప్పి. పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సిందే. చివరికి రక్తపరీక్ష చేయించాం. ఇ.ఎస్.ఆర్. 16, సి.ఆర్.పి. కూడా హద్దులోనే ఉంది. "చూశావా, ఏమీ లేదట!" అన్నారు మావారు. అత్తయ్యగారు ఓ నవ్వు నవ్వారు. ఆ నవ్వు మోకాలికంటే ఎక్కువ నొప్పెట్టిందంటే నమ్మండి. అంటే ఇన్నాళ్ళూ నటించాననేగా!

ఈసారి మావారినీ వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. ఆ పరీక్షలు ఒంట్లో వాపుని చెప్పేవట. రుమటాయిడ్ కీళ్ళవాతంలో, చీము పట్టిన కీలులో బాగా పెరుగుతాయి. గుజ్జు అరిగిన మోకాలిలో వాపున్నా అది చాలావరకు ఆ కీలులోనే ఉంటుంది, రక్తంలో పెద్దగా తేలదు. "నార్మలంటే నొప్పి లేదని కాదండీ, ఆ జబ్బులు కాకపోవచ్చని" అంటూ, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఎముకల మధ్య సందు తగ్గడం ఆయనకే చూపించారు. నాకేమో తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం. (రెండోదే కష్టం!)

పొద్దున్నే గంటకు పైగా కీళ్ళు బిగుసుకుపోయినా, మోకాలు వేడెక్కి జ్వరమొచ్చినా మాత్రం ఆలస్యం చేయకండి.

ఆ సాయంత్రం కత్తిపీట ముందు కూర్చోబోతుంటే, మావారు చాకు తెచ్చి బల్లమీద పెట్టారు. అత్తయ్యగారు ఇంకా నమ్మలేదు లెండి.