పందొమ్మిది మంది ప్రేక్షకులు

న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టరుకు వలస వచ్చిన మన తెలుగువారికి క్రికెట్టు మీద ఉన్న మక్కువ బేస్‌బాల్ మీద ఉండదు. ఆ ఆటలోని సూక్ష్మాలు నాకూ పూర్తిగా పట్టుబడలేదు. అయినా ఈ ఊరి మైనర్ లీగు జట్టు రెడ్ వింగ్స్ ఆడే రాత్రులలో ఏటా కొన్నింటిని మైదానంలోనే గడుపుతాను. ఎందుకని అడిగే మిత్రుల కోసం ఈ నాలుగు మాటలు.

మైనర్ లీగు జట్టు బతుకు విచిత్రమైనది. ఆటగాళ్ల మీద హక్కు ఊరిది కాదు, ప్రధాన లీగులోని మాతృజట్టుది. జీతాలిచ్చేదీ, బాగా ఆడినవాణ్ణి సీజన్ నడుమనే పిలిపించుకునేదీ ఆ జట్టే. స్థానిక యాజమాన్యానికి ఆధారం టికెట్లు, తినుబండారాలు, గోడల మీది ప్రకటనలు. కనుక గెలుపును నమ్ముకుని పద్దులు రాసుకోలేరు. చలి వణికించే మంగళవారం రాత్రి ఎందరు వచ్చి కూర్చుంటారన్నదే అసలు లెక్క.

1981 ఏప్రిల్ 18న రెడ్ వింగ్స్ జట్టు రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పాటకెట్‌లో ఆడింది. మామూలుగా 9 ఇన్నింగ్సులలో ముగిసే ఆట 32 దాకా సాగింది. మర్నాడు తెల్లవారుజామున 4:07కు ఆపవలసి వచ్చింది. చలికి తాళలేక ఆటగాళ్లు విరిగిన బ్యాట్లను మంటలో వేసి కాచుకున్నారు. అప్పటికి మిగిలిన ప్రేక్షకులు 19 మంది. జూన్ 23న మరొక్క ఇన్నింగ్సు ఆడి పాటకెట్ గెలిచింది. వృత్తి బేస్‌బాల్ చరిత్రలో అంతకన్న సుదీర్ఘమైన ఆట లేదు.

అంతటి అభిమానం కూడా పాటకెట్‌కు జట్టును మిగల్చలేదు. 2015లో కొత్త యజమానులు వచ్చారు, కొత్త స్టేడియం కావాలన్నారు. బేరం కుదరలేదు. 2021లో జట్టు వూస్టర్ నగరానికి తరలిపోయింది.

రోచెస్టరుకు ఆ గండం చాలా ముందే వచ్చింది. 1956 సీజన్ తర్వాత సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఈ జట్టును వదిలించుకోజూశారు. మోరీ సిల్వర్ అనే స్థానిక వ్యాపారి పూనుకొని ఊరివారికి వాటాలు అమ్మించాడు. 1957లో 8,222 మంది వాటాదారులు కలిసి జట్టునూ, స్టేడియాన్నీ కొనుక్కున్నారు. జట్టు నేటికీ ఇక్కడే ఉంది.

అలాగని వాటా పత్రమే రక్ష అనుకోవడానికీ లేదు. పొరుగున ఉన్న సిరక్యూస్ జట్టుకు కూడా ఊరి వాటాదారులే యజమానులు. అయినా 2019 సీజన్‌కు ముందే దాన్ని న్యూయార్క్ మెట్స్‌కు అమ్మేశారు. ఊరిపేర కాగితమూ ఉండాలి, కుర్చీలో మనిషీ ఉండాలి.

పుట్టిన ఊళ్లు విడిచి వచ్చినవాళ్లం మనం. ఆ 8,222 మందిలో మన పెద్దలెవరూ లేరు. కానీ ఈ ఊరు నాకు అన్నం పెడుతోంది, నా పిల్లలు దీన్నే సొంత ఊరంటారు. ఆ మాట నిజం కావాలంటే నావంతుగా చేయగలిగిన చిన్న పని ఒకటుంది. వచ్చే మంగళవారానికి నాలుగు టికెట్లు కొన్నాను. దుప్పట్లు కూడా తీసుకువెళతాము.