దగ్గరి నిషానా

గోల్ఫ్ అంటే మన ఇళ్లల్లో ఇంకా 'బడే లోగోంకా ఖేల్'. గోల్కొండ వాళ్లకు మాత్రం అది ఇంటి వెనక సంగతే. కోటను ఆనుకున్న నయా ఖిలాలో, హతియాన్ కా ఝాడ్ ఉన్న చోటనే గోల్ఫ్ మైదానం కూడా ఉంది. చదువుకునే రోజుల్లో సాహెబుల బ్యాగులు మోస్తూ చూసి నేర్చుకున్న ఆటను ఇప్పుడు మా భాంజాకు చెప్తున్నాను.

పదిహేనేళ్ల పోరడు. డ్రైవర్ పట్టుకుని దూరం కొట్టాలని షౌక్. "మామూ, ఒక్కసారి" అంటాడు. నేను ఇయ్యలేదు. ఎనిమిది, తొమ్మిది నంబర్ల ఐరన్లు, ఒక పాత పిచింగ్ వెడ్జ్, అంతే. దూరానికి తాఖత్ కావాలి, కొత్త క్లబ్బులకు పైసల్ కావాలి. దగ్గరి నిషానాకు కావలసింది మష్క్, సబర్. ఈ రెండూ గరీబుకీ దొరుకుతాయి.

ముందు వాడి చేతిలోంచి ఒక గలత్ ఆదత్ పోగొట్టాలి. బంతిని లేపాలని చూస్తాడు. లేపే పని మనది కాదు బేటా, క్లబ్బు ముఖానికున్న వాలుది. పిచింగ్ వెడ్జ్‌కు దాదాపు 45 డిగ్రీల వాలు ఉంటుంది. నువ్వు కిందికి కొడితే అది పైకే పోతుంది. బంతి రెండు కాళ్ల మధ్యన, ఒంటి బరువు కాస్త ముందు కాలి మీద, తాకేటప్పుడు చేతులు బంతికన్నా కొంచెం ముందు. మొదట బంతి, తర్వాత గడ్డి. గడ్డి లేచిన గుర్తు బంతి ఉన్న చోటికి అవతల పడితే దెబ్బ సహీ. ఇది తెలియడానికి బంతికి జానెడు వెనక తువ్వాలు మడిచి పెడతాం. క్లబ్బు తువ్వాలుకు తగిలితే గలత్.

తర్వాత అందాజ. జోరు పెంచొద్దు, చెయ్యి వెనక్కి పోయే కొలత మార్చు. నడుము దాకా, ఛాతీ దాకా, భుజం దాకా. ఒక్కో కొలతకు పది బంతులు కొట్టి, ఎక్కువ శాతం ఎక్కడ పడ్డాయో అడుగులేసి కాపీలో రాసుకుంటాడు. క్లబ్బు ముఖాన్ని ముందు నిషానాకు పెట్టి, ఆ తర్వాతే కాళ్లు సర్దుకుంటాడు. ప్రతి దెబ్బకూ ముఖం మీది గీతల్లో మట్టి తుడుస్తాడు. తడి, మట్టి ఉంటే బంతికి పట్టు దొరకదు. జెండా అంచున ఉంటే దాని జోలికి పోకుండా గ్రీన్ నడిమికే కొడతాడు.

ఆపా అడిగింది, "ఈ ఆట వాడికి రోటీ పెడ్తదారా?" అని. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో, 1993లో ఇండియన్ ఓపెన్ గెలిచాడని చెప్పాను. కలకత్తాలో మైదానం చూసుకునే పనివాడి కొడుకు చౌరాసియా, దగ్గరి ఆటకే పేరు పడ్డవాడు, 2016, 2017ల్లో అదే ఓపెన్ గెలిచాడనీ చెప్పాను. కానీ అందరూ అలీ షేర్‌లు కారు. ఆ ఝూటా ఖ్వాబ్ ఆపాకు చూపించలేదు. చదువు ఆగదు, ఆట ఫజర్ తర్వాత గంటసేపే అని ఖరారు చేసుకున్నాం.

నాకు కావలసింది ఒక్కటే. ఆ మైదానంలో వాడు ఇంకొకరి బ్యాగుతోనే కాదు, తన వెడ్జ్‌తోనూ నిలబడాలి. మొన్న ముప్ఫై బంతుల్లో పదకొండు గ్రీన్ మీద ఆగాయి. ఆపా కాపీ తిరగేసి, "పోయినవారం ఏడే కదా" అంది.