మూడు రోజులు, మూడు ఊళ్ళు

పిల్లలూ, ఏప్రిల్ చివర మీ బళ్ళకు సెలవులిస్తారు. మళ్ళీ జూన్ రెండో వారం దాకా తలుపులు తెరవరు. మొదటి వారం గడిచిందో లేదో, మీరు "ఏమీ తోచటం లేదమ్మా!" అంటారు. ఊటీ తీసుకుపొమ్మంటారు. అమ్మకూ నాన్నకూ సెలవు దొరకదు. "వచ్చే ఏడు చూద్దాం," అంటారు వాళ్ళు.

అయితే, దూరం పోతేనే యాత్ర అని ఎవరన్నారు?

నేను చాలా ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా విరమించి, తెనాలిలో ఉంటున్నాను. పోయిన వేసవిలో నా మనమలు వచ్చారు. పెద్దవాడికి పద్నాలుగేళ్ళు, మనమరాలికి పది, చిన్నవాడికి ఆరు. వాళ్ళ అమ్మానాన్నలకు దొరికింది మూడు రోజుల సెలవు. ఆ మూడు రోజులకూ ఏర్పాట్లు పిల్లలనే చెయ్యమన్నాను. నా షరతులు రెండే: రోజుకు ఒక దిక్కు, రాత్రికి ఇంటికి చేరాలి.

పెద్దవాడు రైళ్ళ వేళలు చూశాడు. మనమరాలు ఖర్చుల పుస్తకం పట్టింది. చిన్నవాడికి నీళ్ళ సీసాల లెక్క అప్పగించాను. ఆరుగురం, ఆరు సీసాలు. రైలు ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి లెక్కపెట్టాలి. వాడి దర్జా చూసి తీరాలి!

మొదటి రోజు మా ఊరే చూశాం. తెనాలి నడుమ కాలువలు పారుతాయి. వేసవి గనక నీరు అడుగంటి ఉంది. "నీళ్ళేవి తాతయ్యా?" అన్నాడు చిన్నవాడు. విజయవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తి అయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. మా కాలువలకు నీరు అక్కడి నుంచే రావాలి. పంటలు అయిపోయాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. మళ్ళీ వానాకాలం పంటకు వదులుతారు. ఆ సాయంకాలం వాళ్ళకు మరో సంగతి చెప్పాను. 1947లో "చందమామ" పత్రికను నాగిరెడ్డిగారితో కలిసి మొదలుపెట్టిన చక్రపాణిగారిదీ, దాన్ని ఏళ్ళ తరబడి తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారిదీ మా తెనాలే.

రెండో రోజు పొద్దున్నే రేపల్లె బండి ఎక్కాం. దారిలో భట్టిప్రోలులో దిగి బౌద్ధ స్తూపం చూశాం. 1892లో అలెగ్జాండర్ రే అనే ఆయన అక్కడ తవ్వించినప్పుడు రాతి భరిణెలు దొరికాయి. వాటిమీద రెండువేల ఏళ్ళకు పైబడిన రాత ఉంది. ఆ లిపిలో ఒక వింత ఉంది. మామూలు బ్రాహ్మీ లిపిలో హల్లు రాస్తే చాలు, అందులో "అ" కలిసే ఉంటుంది. భట్టిప్రోలు రాతలో మాత్రం "అ" కోసం హల్లుకు విడిగా ఒక గీత చేర్చారు. "మన తలకట్టులాగానా?" అంది మనమరాలు. ఆ ప్రశ్న విన్నాక నాకు ఎండ తెలియలేదు!

రేపల్లెలో రైలు పట్టాలు ఆఖరు. అక్కడి నుంచి పెనుమూడి వెళ్ళి కృష్ణ ఒడ్డున నిలబడ్డాం. వంతెనకు అవతల దివిసీమ. 1977 నవంబరు 19న సముద్రం ఉప్పెనగా వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకున్నది ఆ సీమలోనే. పెద్దవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "రేపు మనం వెళ్ళేది ఆ సముద్రానికేనా?" అన్నాడు.

"ఆ సముద్రానికే," అన్నాను.

పిల్లలూ, మీకు ఒక మాట చెప్పాలి. నేను పనిచేసిన ఒక బళ్ళో పదో తరగతి పరీక్షలు రాసిన కుర్రవాడు, స్నేహితులతో సముద్రస్నానానికి పోయి తిరిగి రాలేదు. వాడికి ఈత వచ్చు. ఫలితాలు వస్తే మంచి మార్కులతో ప్యాసయ్యాడు. ఆ మార్కుల కాగితం తీసుకోవటానికి వాళ్ళ నాన్న వచ్చాడు. ఆయన చేతిలో పెట్టాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

అందుకే ఆ రాత్రి పిల్లలను కూర్చోబెట్టి ఈ పాఠం చెప్పాను. కెరటాలు ఒడ్డుకు తెచ్చిన నీరు వెనక్కు పోవాలి గదా? అది ఒక్కొక్కచోట పాయగా కూడి, వేగంగా లోపలికి లాగుతుంది. ఆ పాయ దగ్గర కెరటాలు విరగవు. నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది. అందులో పడితే నేరుగా ఒడ్డుకు ఈదరాదు, బలం హరించిపోతుంది. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, పాయ దాటాక ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్ళు చెయ్యి ఎత్తి కేక వెయ్యాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెనకాలే దూకరాదు. తాడో, తేలే వస్తువో విసిరి, మనుషులను పిలవాలి.

మూడో రోజు బాపట్ల. తెనాలి నుంచి రైల్లో 40 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున భావనారాయణస్వామి ఆలయం చూశాం. ఎండ ముదిరేసరికి నీడ పట్టున చేరి పులిహోర, మజ్జిగ, తాటి ముంజలు తిని పడుకున్నాం. వడదెబ్బకు ఇంతకంటె మందు లేదు: పదకొండు మొదలు నాలుగు దాకా ఎండలో తిరగకపోవటం. నాలుగున్నరకు సూర్యలంక తీరం చేరాం. ఎదురుగా చల్లటి గాలి! నేల తొందరగా వేడెక్కుతుంది, నీరు ఆలస్యంగా వేడెక్కుతుంది. నేల మీది వేడి గాలి పైకి లేస్తే, దాని చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది.

పిల్లలు మోకాలు లోతు దాటలేదు. తలకొక పెద్దవాళ్ళం కాపలా ఉన్నాం. ఒక చోట కెరటాల మధ్య నున్నగా ఉన్న నీటిని పెద్దవాడే గుర్తుపట్టి, తమ్ముణ్ణి ఇవతలికి లాక్కొచ్చాడు. బళ్ళో నేను చెప్పిన పాఠాలన్నిటిలో ఆ రాత్రి చెప్పిందే నెగ్గిందనిపించింది.

పెద్దలకు ఒక మనవి. సెలవులన్నీ ట్యూషన్లతో నింపకండి. మూడు రోజులైనా పిల్లల చేతికివ్వండి.

పిల్లలూ, మీరొక కాగితం తీసుకుని మధ్యలో మీ ఊరి పేరు రాయండి. పొద్దున పోయి రాత్రికి తిరిగి రాగల చోట్లు చుట్టూ గుర్తించండి. ఏ దిక్కున ఏముందో అమ్మమ్మనూ తాతయ్యనూ అడగండి. అక్కడ నీళ్ళుంటే లోతు ఎంతో, కాపలా ఎవరో ముందే తేల్చుకోండి. ఆ తరవాత నీళ్ళ సీసాలు లెక్కపెట్టి, బయలుదేరండి!