పైన మోకు పట్టేదెవరు?

రెండు రోజుల సెలవులో గండికోట వెళ్లి తాడుతో కొండ దిగాలని మేము అనుకున్నాం. ముదిగుబ్బ నుండి కదిరి, పులివెందుల, జమ్మలమడుగు మీదుగా బస్సులు మారాలి. ఛార్జీల లెక్క తొందరగానే తేలింది. చిక్కంతా ఇళ్ల నుండి రావలసిన అంగీకార పత్రాల దగ్గరే.

ఒక మిత్రుని జేజి వేలిముద్ర వేయనంది. ఆమె భర్త పూడిక తీయడానికి మోకు పట్టుకొని బావుల్లోకి దిగేవాడట. (ఇప్పుడు అన్నీ బోర్లే కదా!) "పైన మోకు పట్టేదెవరు నాయనా?" అని అడిగింది. మాలో ఎవరికీ తట్టని ప్రశ్న అది!

తెలుసుకొని చెప్పాం. నడుముకు, తొడలకు పట్టీలు బిగిస్తారు. దిగే తాడు ఒకటి, రక్షణ తాడు మరొకటి. ఆ రెండోది పైన శిక్షకుని చేతిలో ఉంటుంది. రాతి అంచుకు తాడు ఒరుసుకోకుండా కింద మందపాటి గుడ్డ పరుస్తారు. వాన సూచన ఉంటే లోయలోకి దిగనే దిగరు.

మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ భువనగిరి గుట్టపై తాళ్లు పట్టడం నేర్చుకొని, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారని కూడా చెప్పాం. అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు నిండలేదు.

"ఆ పాప అమ్మకు నిద్ర పట్టిందా?" అంది జేజి.

ఆ శిక్షకుణ్ణి తన కళ్లతో చూడాలట. ఆదివారం ఆయనా వస్తారు, జేజినీ హాస్టలుకు రమ్మన్నాం.