రెక్కలు లెక్కపెట్టకుండా

మా పెరటి మామిడి పూత మీద వాలిన పురుగును ఫోన్‌కు చిన్న లెన్స్ తగిలించి ఫోటో తీశాను. పసుపు, నలుపు చారలు. "తేనెటీగలా కష్టపడదాం" అని రాసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

ఆదివారం సండే స్కూల్ పాప అడ్డొచ్చింది. "అయ్యగారూ, అది ఈగండీ!"

ఫోటో పెద్దది చేసి చూశాం. తేనెటీగకు నాలుగు రెక్కలు, దీనికి రెండే. తేనెటీగ మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి, దీనివి పొట్టివి. తల నిండా కళ్ళే. కాళ్ళకు పుప్పొడి మూటలు లేవు. ఇది పూల ఈగ. కొండి లేని దీన్ని పక్షుల నుంచి ఆ చారలే కాపాడతాయి. వీటిలో కొన్నింటి పిల్లలు మురుగునీటిలోనే పెరుగుతాయి. అయినా పెద్దయ్యాక పూలకే వస్తాయి.

హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు దాకా మనం తినే రసాల వెనుక ఈగల కష్టం ఉంది. మామిడి పూతలో పుప్పొడి మోసేవాటిలో ఈగలు ముఖ్యమైనవి.

నేనేమో "తేనెటీగ పువ్వు మీద, ఈగ చెత్త మీద" అని ఎన్నోసార్లు ప్రసంగించాను. ఒకసారి తాగుడు మానలేని ఓ సహోదరుణ్ణి మనసులో పెట్టుకునే అన్నాను. ఆయనకు అర్థమైంది. మళ్ళీ ఆరాధనకు రాలేదు.

రెక్కలు లెక్కపెట్టకుండానే మనిషికి పేరు పెట్టేశాను.

నిన్న సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఏమీ అనలేదు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఆయన కోసం, నా నోటి కోసం ప్రార్థించండి.