జాబితాలో లేని సజా

కోర్టు వార్తలు రాసే నాకు ఉర్దూ, తెలుగూ వేరువేరుగా వినబడవు. ముద్దాయి, వకీలు, జామీను, వాయిదా, జప్తు, జరిమానా, ఖైదు - అన్నీ మా ఇంటి మాటలే. మమ్మల్ని పరాయివాళ్లనేవాళ్లు కూడా కోర్టు మెట్లెక్కితే మా మాటలే మాట్లాడతారు. మాటలు అందరివీ అయ్యాయి. అనుమానం మాత్రం మా వాటాకే మిగిలింది.

'కోర్టు ఎన్ని రకాల సజాలు వేస్తుంది బేటా?' అని అమ్మీ ఒకసారి అడిగింది. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. ఉరి, యావజ్జీవం, ఖైదు, ఆస్తి జప్తు, జరిమానా. ఖైదు మళ్లీ రెండు రకాలు: పని చేయించే కఠిన శిక్ష, చేయించని సాధారణ శిక్ష. యావజ్జీవమంటే పద్నాలుగేళ్లని జనం అనుకుంటారు. కాదు, ప్రాణమున్నంత కాలం. ఉరి వేయాలంటే అరుదైన కేసుల్లోకెల్లా అరుదైనది కావాలని 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న నేరస్తుణ్ణి ముచ్చలిక రాయించుకుని వదిలేందుకు 1958 నాటి ప్రొబేషన్ చట్టముంది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను కూడా శిక్షల్లో చేర్చింది. మొదటిసారి అయిదు వేల లోపు దొంగతనం చేసి, సొమ్ము తిరిగిచ్చేసినవాడికి అదే శిక్ష.

అమ్మీ అంతా విన్నది. 'మరి ఏ తప్పూ లేదని తేలేదాకా లోపలే ఉన్నవాడిది ఏ సజా?' అంది.

చట్టంలో ఒక లెక్క ఉంది. విచారణలో జైల్లో గడిపిన రోజుల్ని పడ్డ శిక్షలోంచి తీసేస్తారు. నేరం రుజువైనవాడికి ఆ రోజులు కలిసొస్తాయి. నిర్దోషికి దేంట్లోంచి తీస్తారు?

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది మేమే, పోలీసులు పట్టుకెళ్లిందీ మా పిల్లల్నే. కోర్టుల్లో వాళ్లు నిర్దోషులుగా తేలాక, 2012లో ప్రభుత్వం నష్టపరిహారమిచ్చింది. ఆ ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టేసింది. తప్పుడు కేసుల్లో నలిగినవాళ్లకు పరిహారం చట్టబద్ధంగా అందాలని 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. కొత్త చట్టాల్లో దానికి చోటు దొరకలేదు.

నిర్దోషి అన్న తీర్పు ఇల్లు అద్దెకిచ్చేవాడి దాకా రాదు. పెళ్లి సంబంధం దాకా రాదు. అరెస్టు వార్త మాత్రం అందరికీ గుర్తుంటుంది. మేం దయ అడగడం లేదు. ఆ రోజుల్ని కూడా శిక్షేనని ఒప్పుకుని, వాటి లెక్క రాయమంటున్నాం.